కృష్ణాతీరమున పసులమేత

గద్వాల పేరు చెప్పినంతనే విద్వత్సభలును జరీయంచు చీరలును, వనపర్తి యనగానే రాజప్రాసాదమును, కొల్లాపురమనగానే సురభి ప్రభువుల సాహిత్యపోషణమును స్ఫురించుట చదువరులకు పరిపాటి. ఆ సంస్థానముల బొక్కసములను నింపిన జొన్నచేలను దున్నిన యెద్దు ఏమి తిని బ్రతికెనో, ఎచ్చట నీరు త్రావెనో, ఎండకాలపు నాలుగు నెలలు ఎవరి నేలమీద తిరిగెనో యను ప్రశ్నకు మాత్రము మన చరిత్రరచనలో దొరికిన చోటు స్వల్పము. నడిగడ్డ బిడ్డయగు సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వెలువరించి, రాజుల దండయాత్రలకంటె ప్రజల తిండియు బట్టయు ఆటపాటలును చరిత్రకు ముఖ్యమని నిరూపించిరి. ఆ బాటలో ఇంకొక యడుగు వేసి, ప్రజల తిండికి మూలమైన పసుల తిండిని విచారించుట అసంగతము కానేరదు.

ఈ నేలకు నదులు కొఱత కాదు. గద్వాల, అలంపురములున్న నడిగడ్డకు ఉత్తరమున కృష్ణయు దక్షిణమున తుంగభద్రయు హద్దులు. రెండును కూడవెల్లి కడ సంగమించును. వనపర్తికి దక్షిణపు టెల్ల కృష్ణయే. నాగర్‌కర్నూలు సీమలో దుందుభి యొక యేడు పాఱియు నొక యేడు ఎండియు నల్లమల దిక్కునకు సాగును. అయినను నదులు పల్లమున పాఱునవి, ఊళ్ళు మెఱకమీద వెలసినవి. నడుమ బండరాళ్ళ గుట్టలును, చల్కనేలలును, అక్కడక్కడ నల్లరేగడియు. ఏటికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన, అదియును నాలుగైదు పెద్దవానలలోనే కురిసి వెడలిపోవుట యిచ్చటి వాడుక. ఇట్టి చోట ఒక చిన్న మందను ఏడాదిపొడవునా నిలుపుకొనుట సొంతభూమి యున్నంతమాత్రమున సాధ్యమయ్యెడిది కాదు. ఒక్కొక్క ఋతువున ఒక్కొక్క నేలమీద, కోతకోసిన చేలలో కొన్నాళ్ళు, చెఱువు శిఖములో కొన్నాళ్ళు, ఊరి కంచెలో కొన్నాళ్ళు, నల్లమలలో కొన్నాళ్ళు, పశువునకు అడుగు పెట్టు వీలుండుటయే యీ ప్రాంతపు పశుపోషణకు ఆధారము. ఆ వీలు ఎట్లేర్పడినది, ఎట్లు తఱిగిపోయినది అనునదే యీ వ్యాసమునకు విషయము.

ముందుగా లెక్క. మధ్యస్థమైన కాయముగల యెద్దు దినమునకు ఆఱేడు కిలోల ఎండుమేత తినును. కార్తికము మొదలుకొని మృగశిర కార్తె దాక, అనగా పచ్చిక మొలవని కాలము, 240 దినములని వేసికొన్నచో ఒక కాడి యెద్దులకే మూడు టన్నులకు పైగా చొప్ప కావలెను. వానకు పండెడి చల్కలో ఎకరము జొన్న టన్నో టన్నున్నరయో చొప్ప నిచ్చును. మూడెకరముల జొన్న వేసినవానికి ఒక కాడి నిలుచునన్నమాట. ఆవులు, పడ్డలు, లేగలు కలిసి పది తలలున్నచో, దూడల వాటా తగ్గించి చూచినను పండ్రెండు టన్నులు పట్టును. దానికి పదెకరముల జొన్న. ఇక నీరు: రోహిణి యెండలలో ఒక్క యెద్దు 40 మొదలు 60 లీటర్ల దాక త్రావును. చేదతో తోడి మందకంతటికి నీరు పోయుట మనిషి రెక్కలకు మించిన పని గనుక, మందయే నీటి యొద్దకు నడవవలసి యుండెను. మూడు నాలుగెకరములు మాత్రమే గల సన్నకారు రైతు కాడి నొకదానిని చొప్పపై నిలుపుకొని, తక్కిన తలలను కాపరి వెంట పంపుట యీ లెక్క యొక్క ఫలితమే గాని సోమరితనము కాదు.

జొన్నను ఇచ్చటి రైతు గింజకొఱకెంత వేసెనో చొప్పకొఱకు నంత వేసెను. పునాసలో చల్కలయందు పచ్చజొన్న, నడిగడ్డ రేగళ్ళలో మాఘికారుకు తెల్లజొన్న. గింజ తక్కువైనను కఱ్ఱ పొడవుగా, తీపిగా, సన్నముగా నుండు రకములనే యేరికోరి విత్తనమునకు దాచుచుండిరి. పొట్టి కఱ్ఱకు పెద్దకంకి వేయు సంకరజాతి జొన్నలు 1960లలో వచ్చినపుడు మన రైతులు వెనుదీసిరని వ్యవసాయశాఖవారు నొచ్చుకొనిరి గాని, ఎద్దు మాటకూడ అడిగియుండినచో ఆ వెనుదీతకు కారణము తెలిసెడిది. కోసిన కఱ్ఱను మోపులు గట్టి, చేలోనే నిలువుగా నానించి ఆరనిచ్చి, మంచు తడి పోయిన పిమ్మట కొట్టము ప్రక్కకు బండ్లమీద తోలి కుప్పవేయుదురు. కుప్ప క్రింద రాళ్ళో తుమ్మకొమ్మలో పఱచి చెదలు పట్టకుండ నేలకెత్తుటయు, పైవరుసను ఏటవాలుగా పేర్చి వాన జాఱునట్లు చేయుటయు ఒక విద్య. మొదట పెట్టవలసినది కుప్ప పైభాగమా, ప్రక్కభాగమా యనునది యింటి పెద్దయే చెప్పవలెను. తడిసి నల్లబడిన చొప్పను ఎద్దు ముట్టదు. చొప్పను నఱికి గాడిలో వేసినచో సగము వ్యర్థము తగ్గును. కణుపులున్న మొదళ్ళను పశువు వదలివేయగా, వానిని పొయ్యికి వాడుదురు. పనికాలమున మాత్రము ఉడికించిన ఉలవలు, గానుగచెక్క, తవుడు కలిపిన కుడితి. వేరుసెనగ వ్యాపించిన పిదప దాని కట్టె, కంది కొట్టిన పొట్టు చేరినవి. ఈ రెండును జొన్నచొప్పకంటె బలమైన మేతలు, కాని కుప్పవేసినపుడు బూజు పట్టుటలోను ముందే.

జొన్నకొక దుర్గుణము కలదు. కోసిన మోళ్ళనుండి పిదపవానకు మొలచిన పిలకలను గాని, వానలేక మోకాలెత్తుననే గిడసబాఱిన లేతపైరును గాని ఆకలిగొన్న పశువు మేసినచో, ఆకులోని పదార్థము కడుపులో విడివడి హైడ్రోసయానిక్ ఆమ్లమై, గడియలోపల ప్రాణము తీయును. పల్లెలలో దీనిని నాము అందురు. నామెక్కిన యావు నోట నురుగు గ్రక్కును, ఊపిరి కెగబీల్చును, కాళ్ళు తడబడి కూలును. నేడు పశువైద్యుడు సకాలమున వచ్చి సోడియం థయోసల్ఫేట్ సూదివేసినచో బ్రతుకును. పూర్వము ఆ సూది లేదు. అందుచేత జాగ్రత్తయే మందు. బెట్టపట్టిన జొన్నచేల గట్లపై మందను తోలవలసివచ్చినపుడు ముందుగా నొక పూట చొప్ప మేపి తోలుట, ఎద్దులమూతులకు చిక్కములు కట్టుట, కోతయైన చేలలో మోళ్ళు చిగిర్చియున్నవేమో కాపరి తాను ముందునడచి చూచుట, పూతకు రాని జొన్నను పచ్చిగా కోసి పెట్టవలసివచ్చినపుడు ఎండలో వాడ్చి పెట్టుట ఆచారములు. వాడ్చినచో విషము తగ్గునని రసాయనశాస్త్రము నేడు చెప్పుచున్నది. కఱవు సంవత్సరముననే నాము ఎక్కువ కావడము, ఏమేత లేనినాడే యీ మేత ప్రమాదకరము కావడము, మెట్టసేద్యపు దురదృష్టములలో నొకటి.

నీటిమాటకు వచ్చినచో, ఈ సీమ చెఱువుల చరిత్రను వరిసాగు చరిత్రగానే వ్రాయుట అలవాటైపోయినది. కాకతీయుల కాలమున వర్ధమానపురము రాజధానిగా నేలిన గోనవంశీయులు, 13వ శతాబ్దమున గణపురమున దుర్గమును, గణపసముద్రమును నెలకొల్పిరి. పిమ్మట వనపర్తి ప్రభువులు త్రవ్వించినవానితో కలిపి యీ చెఱువులను సప్తసముద్రములని పిలుచుట వాడుక. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి యాలయమునకు చుట్టునుగల రంగసముద్రము వానిలో నొకటి. పేరు సముద్రము, లోతు మాత్రము ఆ యేటి వానను బట్టి. తూము క్రింద ఎన్నెకరములు పండెనో లెక్కవ్రాసిన కరణము, చెఱువు వెనుక శిఖములో ఎన్ని మందలు బ్రతికెనో వ్రాయలేదు. మాఘ ఫాల్గుణములలో నీరు వెనుకకు తీసినకొలది, ఆ తడినేలపై గరికయు తుంగయు పచ్చగా లేచును. ఊరిలో మఱెక్కడను పచ్చదనము కానరాని ఆ దినములలో శిఖము పాడియావులకు ప్రాణాధారము. చెఱువు పూర్తిగా ఎండినపుడు నడిమధ్య గుంటలు త్రవ్వి నీరూర్చుదురు. మంద దిగి త్రాగి, పేడవేసి, ఆ మట్టి మరల బండ్లకెక్కి చేలకు ఎఱువుగా పోవును. పూడిక తీయుటకు వేఱుగా కూలి పెట్టనక్కఱలేనంతగా ఒండుమట్టికి గిరాకి యుండుట, మంద లేని చోట సాధ్యమయ్యెడిదా యని నాకు సందేహము.

చెఱువు లేని యూళ్ళలో మోటబావి. తోలుబొక్కెనకు తొండము కట్టి, మోకును ఎద్దులకాడికి తగిలించి, వాలుబాటపై ఎద్దులు దిగిన నీరు పైకి, వెనుకకు నడచిన బొక్కెన లోనికి. తెల్లవారుజామున మొదలిడి ఎండయెక్కునప్పటికి ఒక మడి తడియును. ఈ వెనుకనడక యెద్దులను అరిగించినంతగా నాగలి అరిగింపదు. బావి యొద్ద రాతితొట్టి యొకటి యుండును. మొదటి నాలుగు బొక్కెనలు దానిలోనికి పోయును, ఊరిపసులు వచ్చి త్రావును. బావి క్రింద నొక గుంట నేలలో పచ్చిమేతకై ఒత్తుగా చల్లిన జొన్న: ఎద్దు నీరు తోడవలెను, ఆ నీటితో దాని మేత పెరుగవలెను, మిగిలినదే మనిషికి. 1970ల తరువాత కరెంటుమోటారు వచ్చి మోట మూలబడినపుడు ఎద్దులకు విశ్రాంతి దొరకినదని సంతసించినవారు, అనతికాలమున రాతితొట్టియు ఎండుట గమనింపకపోరు.

ఇక కంచెలు. నైజాం రాజ్యమున మొదటి సాలారుజంగు సంస్కరణల నాటినుండి బొంబాయి పద్ధతిని భూములు కొలిపించి, గ్రామములలో పశువుల మేతకు కొంత నేలను పన్నుకట్టకుండ విడిచెడి పద్ధతి నడచెను. గాయరాన్, బంచరాయి, కంచె అని ఊరూరను పేర్లు వేఱు. గుట్టపక్క పాటినేల, దున్నిన పంటరాని గులకనేల సాధారణముగా దీనికి వచ్చెడిది. గద్వాల, వనపర్తి, సురభివారి జటప్రోలు సంస్థానములలో దొరలకు ప్రత్యేకముగా బీళ్ళుండెను. గుఱ్ఱములకును, బండియెద్దులకును అందలి గడ్డి కోసి మోయుట వెట్టి. ఊరికి వచ్చిన అధికారి బసచేసినన్నాళ్ళు గడ్డి, పాలు, మేకపోతు ఊరే యీయవలసినవి. గొల్లవాని మందకు ఏటేట తగిలిన యీ దెబ్బను మేతపన్నులో చేర్చి లెక్కించినవాడు లేడు. మేతనేలను కాపాడినవారే మేతను దోచినవారగుట ఆనాటి యేర్పాటులోని వైచిత్రి.

1949లో జాగీర్లు రద్దై, సంస్థానములు ప్రభుత్వములో కలిసిన పిమ్మట, 1950 నాటి లావుణి నియమములతో ప్రభుత్వపు బంజరులను భూమిలేని వారికి పట్టాలిచ్చుట యారంభమైనది. ఆ పంపకము న్యాయమే; తరతరములుగా జీతమున్న మాదిగవానికి, మాలవానికి, బోయవానికి రెండెకరముల నేల దొరకవలసినదే. కాని పెద్దరైతుల పట్టాభూములు పరిమితి చట్టములను తప్పించుకొని నిలువగా, పంచబడినది తఱచుగా ఊరి కంచెయే. దానిపై మేపుకొన్నది గూడ నెక్కువగా పేదవాని యావులే. ఒక పేదవానికి నేల నిచ్చుటకై మఱొక పేదవాని మంద నిలువనీడ లేకుండ జేసిన యీ పద్ధతిని గూర్చి శాసనసభలలో జరిగిన చర్చ అత్యల్పము.

కంచె చాలని వారికి నల్లమల కలదు. అచ్చంపేట దాటి ఘాటెక్కినచో సుమారు 2000 అడుగుల యెత్తున అమ్రాబాదు పీఠభూమి. వానకాలమున మైదానమందు చేలన్నియు పైరుతో నిండి పశువునకు అడుగుమోపు చోటుండదు. అదే సమయమున నల్లమలలో బోదగడ్డి లేతగా మొలచును, దొనలలో నీరు నిలుచును, సెలయేళ్ళు పాఱును. అందుచేత మందలు తొలకరితో నడవి కెక్కి, మైదానమున కోతలైన పిదప దిగివచ్చి, రైతుల చేలలో రాత్రులు మంద వేయుట ఆనవాయితీ. మంద పండిన చేనికి ఎఱువు. కాపరికి అందుకు ప్రతిగా జొన్నలు. మాఘము దాటిన పిమ్మట మోళ్ళు కూడ తీఱిపోవగా, నీటిచెలమలున్న లోయలను వెదకికొనుచు మరల నడవిలోతునకు. బోదగడ్డి ముదిరినచో ఈనెలై పశువు నోటికెక్కదు; అపుడు వెదురాకు, జువ్వి, రావి, మఱ్ఱి కొమ్మలు నఱికి వేయుదురు. తుమ్మకాయలు రాలు కాలమున మేకలేకాదు ఆవులును వాని క్రిందకే పరుగిడును.

ఈ రాకపోకలలో మూడు జనముల చేయి కలదు. లంబాడీలు ఒకప్పుడు వేలాది యెద్దులపై ధాన్యము, ఉప్పు వేసికొని దక్కను సైన్యముల వెంట తిరిగిన బిడారువర్తకులు; రోడ్లును రైలును వారి వర్తకమును హరింపగా, ఎద్దులనే మిగుల్చుకొని తండాలలో స్థిరపడి పశుపాలకులైరి. గొల్లలు ఊళ్ళలోనుండి వచ్చువారు. చెంచులు ఆ యడవి సొంతదారులు. ఏ చెలమ ఎన్నటికి ఎండునో, ఏ లోయలో పులి తిరుగుచున్నదో వారికి తెలిసినట్లు మఱెవరికి తెలియదు. మైదానపు రైతులు తమ పశువులను చెంచులకప్పగించి మేపించుట కలదు. 1940లలో వారి నడుమ నివసించి పరిశోధించిన హైమెండార్ఫ్ పండితుడు 1943లో చెంచులనుగూర్చి గ్రంథము వెలువరించెను. ఆయన సలహామీదనే నైజాం ప్రభుత్వము అమ్రాబాదులో చెంచులకై ప్రత్యేకముగా కొంత యడవిని కేటాయించినది.

ఈ కొండమీద నిలిచిన ఆవులు పొడతూర్పు జాతివి. తెల్లని మేనిపై కపిలవర్ణపు పొడలు, నిటారైన కొమ్ములు, బిగువైన కాయము, రాతినేలకు అరుగని గిట్టలు. పాలు రోజుకు రెండు మూడు లీటర్లు మించవు. అదియును లేగకు పోగా. వీనిని పెంచినది పాలకొఱకు కాదు, కోడెల కొఱకు. మూడేండ్ల కోడెలను మైదానమునకు దింపి అమ్ముట కాపరి యేటి రాబడి. అమ్మకమునకు సమయము దీపావళి దాటిన పిదప కార్తికమున అమరచింత సీమలో జరుగు కురుమూర్తి జాతర. స్వామికి పాదుకలు, అనగా ఉద్దాలు, వడ్డెమాను గ్రామమున దళిత శిల్పులు ఉపవాసనియమములతో తోలుతో కుట్టి సిద్ధపఱుప, వానిని ఊరేగింపుగా గొనిపోవుట ఆ జాతరలో ప్రధానోత్సవము. దేవుని కాళ్ళకు తోలు, రైతు చేనికి ఎద్దు, రెండును ఒకే వారమున ఒకే తావున సమకూరుచుండెను.

జాతరలలోను, శనివారము శనివారము నడచు పెబ్బేరు సంతలోను బేరము తీరు చూడదగినది. కొనువాడు ముందు కోడె నోరు తెఱచి పండ్లు చూచును: పాలపండ్లా, రెండు పండ్లా, నాలుగా, కడపండ్లా. తరువాత చేయి వీపుపై, డొక్కపై, నుదుట నిమురుచు సుడులు వెదకును. కాని చోట సుడి యున్నచో ఎంత బలమైన కోడెయైనను ధర సగమగును. ఇది మూఢనమ్మకమే, అయినను సుడి పేరిట కాళ్ళు, గిట్టలు, గంగడోలు వఱకు తడిమి చూచుటయే యందలి అసలు ప్రయోజనమని నా యూహ. పిమ్మట నడిపించి చూచుట, ముందుకాలి జాడలో వెనుకకాలు పడుచున్నదా లేదా యని. ధర నోట చెప్పరు. తువ్వాలు క్రింద దళారి వ్రేళ్ళు పట్టుకొనును. నలుగురి నడుమ ఇద్దరికి మాత్రమే తెలిసిన మాట అది.

అడవిమేతకు రాజ్యము వేసిన పన్నును పుల్లరి యందురు. కృష్ణ కావలి యొడ్డున, నల్లమల వెనుకనున్న పల్నాటిలో, ఆంగ్లేయ ప్రభుత్వపు పుల్లరికి ఎదురుతిరిగి 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చెను. ఆ యొడ్డున అది స్వాతంత్ర్యోద్యమ ఘట్టమైనది. ఈ యొడ్డున నైజాం అడవులలో అదే మేతకు, అదే పశువునకు ఇచ్చిన రుసుములకు, అటవీ జవానులకు ముట్టజెప్పిన నేతికి కథకుడు దొరకలేదు. 1355 ఫసలీలో, అనగా 1945లో, హైదరాబాదు అటవీచట్టము వచ్చి రక్షితారణ్యములలో మేతను అనుమతిపై నాధారపడు దానినిగా చేసినది. స్వతంత్రము వచ్చిన పిమ్మట 1972 నాటి వన్యప్రాణి చట్టము, 1978లో ప్రకటించిన అభయారణ్యము, 1983లో పులుల రక్షణ పథకము. తెలంగాణ రాష్ట్రమేర్పడిన వెనుక అమ్రాబాదు పులుల అభయారణ్యము 2600 చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రత్యేక ప్రాంతమైనది. వేలతలల మంద మేసిన చోట దుప్పికి గడ్డి మిగులదనియు, గాలికుంటువంటి తెగుళ్ళు పెంపుడు పసులనుండి అడవిమృగములకు ప్రాకుననియు అటవీశాఖవారు చెప్పుమాట నిరాధారము కాదు. కాని మంద పోయిన చోట ఎండిన బోదగడ్డి యెత్తుగా నిలిచి, వేసవిలో నిప్పునకు ఆహారమగుచుండుటయు కాపరులు చెప్పుచున్నదే. రెండును కలిపి ఆలోచించుట యెవరి వంతునకు రాలేదు.

కఱవులను గూర్చి కొంత చెప్పవలెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును మాడ్చిన ధాతనామ సంవత్సరపు కఱవు నైజాం రాజ్యమున రాయచూరు, లింగసుగూరు, నాగర్‌కర్నూలు జిల్లాలను తాకినది. ఆ నాటికి మహబూబ్‌నగరమను జిల్లాపేరే లేదు, నాగర్‌కర్నూలే జిల్లా. కఱవు మనిషికంటె ముందు పశువును పట్టును. గింజ నిలువ యుండవచ్చును. చొప్ప నిలువ ఒక యేటికంటె నెక్కువ యుండదు. మేత లేనపుడు అందఱును ఒక్కమారే సంతకు తోలుటచే ఎద్దు ధర పడిపోవును. మఱుసటి యేడు చక్కగా వానకురిసినను దున్నుటకు కాడి యుండదు. అందుచేత వాన లేని యేటి కఱవు వాన కురిసిన యేటనుగూడ కొనసాగును. పాలమూరు కూలీల వలస, ఆనకట్టలు కాలువలు త్రవ్వుటకై దేశమంతట తిరిగిన ఆ జనముల కథ, తఱచుగా నిట్లు కాడి పోయిన యింటితోనే మొదలగును. ఎనిమిది నెలలు పరదేశమున నుండువాడు ఇంట పసులను నిలుపలేడు, ముసలివారి చేతిలో ఒక బఱ్ఱెయో రెండు మేకలో మిగులును.

అటుపిమ్మట నీరు వచ్చినది. తుంగభద్రపై రాజోలిబండ ఆనకట్ట 1958 నాటికి పూర్తియై అలంపురపు పొలములకు కాలువ దెచ్చినది. వనపర్తి సంస్థానాధీశుని పూనికతో 1949లో మొదలిడిన సరళాసాగరము, ఆటోమేటిక్ సైఫన్ విధానముతో 1959లో నీరు నిలిపినది. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినపుడు ఆ పాతనిర్మాణమును గూర్చి దేశము మరల వినినది. 1980ల తొలిపాదమున శ్రీశైలపు జలాశయము నిండి కృష్ణ కిరుదరుల నేలను ముంచినది. కూడవెల్లి సంగమేశ్వరాలయము అలంపురమునకు తరలినది, సోమశిల, జటప్రోలు గుడులు మెఱకకెక్కినవి. గుడులను రాయి రాయి గుఱుతువేసి యెత్తి నిలిపిరి. నదీలంకల మేతకు, ఊరి శిఖములకు అట్టి లెక్క వేసిన నష్టపరిహారపు పద్దు లేదు. 1990లలో జూరాల, ఆ తరువాత నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి యెత్తిపోతలు. మెఱకమీద నూళ్ళకు ఎన్నడెఱుగని నీరు పాఱుట చూచి సంతసింపని వాడుండడు. నేనును వారిలో నొకడను.

నీరు వచ్చిన చోట జొన్న పోయినది. ఎకరమున కెకరము వరియై, గడ్డి పెరిగినది నిజమే, కాని కోతయంత్రము వరిగడ్డిని నలిపి చెల్లాచెదరుగా చల్లి పోవుటచే కొంత కట్టలు కట్టుదురు, చాలభాగము తగులబెట్టుదురు. జొన్నచొప్పకున్న సత్తువ వరిగడ్డికి లేదు. నడిగడ్డ నేడు సంకర పత్తివిత్తనముల ఉత్పత్తికి దేశమున పేరుపొందినది. ఆ చేలలో పైరు మాఘము దాక నిలుచును. మందులు చల్లిన ఆకును పశువు మేయరాదు. కోతయైన పిదప ఊరిపసులకు చేను తెఱచు పాత వాడుక పత్తితో తనంతట తానే ముగిసినది. దున్నుటకు ట్రాక్టరు, పాలకు ముఱ్ఱా బఱ్ఱె. బోరుబావి క్రింద పది గుంటలలో నేపియర్ గడ్డి నాటి, యంత్రముతో నఱికి, రెండు బఱ్ఱెలను కట్టిపెట్టి మేపువాడు లెక్కప్రకారము పదితలల మంద కలవానికంటె ఎక్కువ పాలు అమ్ముచున్నాడు. వానిది తెలివైన సేద్యమే. కాని దానికి సొంత బోరు, సొంత నేల, అప్పు పుట్టు పరపతి కావలెను. ఈ మూడును లేనివానికి ఆవును పెంచు మార్గము కంచెయు నడవియు మాత్రమై యుండెను.

2020లో కర్నాలునందలి జాతీయ పశు జన్యువనరుల సంస్థ పొడతూర్పును దేశీయ గోజాతులలో నొకటిగా నమోదు చేసినది. తెలంగాణమునుండి గుర్తింపు పొందిన తొలి గోజాతి యిదియే. దానికి మేత నిచ్చిన పీఠభూమిలో మాత్రము మందకు చోటు ఏటేట కుంచించుకొనుచున్నది. 2006 నాటి అటవీహక్కుల చట్టము సంచార పశుపాలకుల ఋతుబద్ధమైన మేతహక్కును స్పష్టముగా పేర్కొన్నది, కాని పట్టాలిచ్చుటలో సేద్యపు చెక్కలకు దొరకిన శ్రద్ధ మేతదారులకు దొరకలేదు. ఇంతలో కొల్లాపురపు కాపరులకు అనుకొనని తావొకటి ఏర్పడినది. మాఘము దాటి శ్రీశైలపు నీరు వెనుకకు తీసినపుడు సోమశిల దిగువను మునిగిన పొలములు బయటపడి, ఒండుమీద గడ్డి మొలచును. కొందఱు దానిలో పైరు వేయుదురు, కొందఱు మందలు దింపుదురు. ఆ నేలకు పట్టా లేదు, పుల్లరి లేదు, కంచె లేదు. జులై ఆగస్టులలో జూరాల గేట్లెత్తినారన్న వార్త వినబడగానే మందను గట్టునకు తోలుకొనవలెను, అంతే.